మూత నొక్కకుండా పడాలి

కాకినాడలో మా ఫ్లాట్ బాల్కనీలో, వాషింగ్ మెషీన్ పక్కన, ఆకుపచ్చ రంగు సగం ఊడిపోయిన రేకుపెట్టె ఒకటి ఉంది. ఇన్నాళ్ళూ దాని మీద సబ్బుపొడి డబ్బా, బట్టల క్లిప్పుల బుట్ట, ఎప్పుడో బాగు చేయిద్దామని పక్కన పెట్టిన పాత మిక్సీ కూర్చుని ఉండేవి. మొన్న ఉగాదికి పది రోజుల ముందు వాటన్నిటినీ దింపి మూత ఎత్తితే, తుప్పు వాసన, కలరా ఉండల వాసన, ఎండి పొడైపోయిన వేపాకు వాసన, అడుగున పరిచిన పాత పేపరు వాసన అన్నీ కలిసి ఒక్కసారిగా ముఖానికి కొట్టాయి. నలభై దాటిన మనిషిని, పొద్దున్నే మూడు బాక్సులు కట్టి, జడ సగం దారిలో వేసుకుని, ఓడల్లోకి ఎక్కే బియ్యానికి కాగితాలు తయారుచేసే ఆఫీసుకి పరిగెత్తేదాన్ని, ఆ వాసనకి ఉన్నచోటే కూలబడిపోయాను. కాసేపు నాకు కాకినాడ లేదు, ఆఫీసు లేదు. నిడదవోలులో మా రైల్వే క్వార్టర్సు అరుగు మీద, ఈతచాపకి ఓ చివర కూర్చున్న పదేళ్ళ పిల్లని.

మా నాన్న నిడదవోలు స్టేషన్లో గూడ్సు ఆఫీసు గుమాస్తా. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి మూడు నాలుగేళ్ళకో ఊరు తిరిగినవాడు కాబట్టి, మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. మనిషికి ఒక పెట్టె. నాన్నకి ఒకటి, అమ్మకి ఒకటి, అన్నయ్యకి ఒకటి, నాకు ఒకటి. వంటసామాను రెండు గోనెసంచుల్లో పట్టాలి, పరుపులు రెండు చుట్టలు కావాలి, అంతే. బదిలీ కాగితం వచ్చిన నాలుగో రోజుకి సామానంతా రైలెక్కేసేదని నాన్న గొప్పగా చెప్పుకునేవాడు. నేను పుట్టాక మేం నిడదవోలు నుంచి కదిలిందే లేదు, అయినా ఆ అలవాటు మాత్రం ఇంట్లోంచి కదల్లేదు. పక్క క్వార్టర్లో వాళ్ళు బీరువా కొన్నారు, అద్దాల అలమారా కొన్నారు. మా ఇంటికి వచ్చినవాళ్ళు మాత్రం నాలుగు పెట్టెలూ, వాటి మీద పరిచిన దుప్పట్లూ చూసి, రేపో మాపో ఊరు వెళ్ళిపోతున్నాం కాబోలనుకునేవారు.

అమ్మ పల్లెటూరి బడిలో టీచరు. పొద్దున్న ఎనిమిదింటి బస్సుకి వెళితే సాయంత్రం అయిదున్నరకి వచ్చేది. చీర కుచ్చిళ్ళు పెట్టుకుంటూ పప్పులో ఉప్పు సంగతి చెప్పడం, పిన్నీసు పళ్ళ మధ్య పెట్టుకుని అన్నయ్యకి ఎక్కాలు ఒప్పజెప్పించడం, బస్సు హారను వినబడ్డాక కూడా వెనక్కి వచ్చి పాలగిన్నె మీద మూత పెట్టడం, ఇవీ నాకు గుర్తున్న అమ్మ పొద్దుటిపూటలు. ఆవిడ ఎప్పుడూ తీరుబడిగా ఉండేదని నేను చాలా ఏళ్ళు అనుకుంటూ వచ్చాను. తీరుబడిగా ఎందుకుంటుంది, చేతిలో నలభై మంది పిల్లల కాపీ పుస్తకాలతో ఇల్లు చేరే మనిషి. కాకపోతే మా వంటింట్లో పని తక్కువ. ఒక కూర, ఒక రోటిపచ్చడి, మజ్జిగ. ఆదివారం చేప. చలికాలం మంగళవారం సంతనుంచి వచ్చిన తేగలు కుంపట్లో కాల్చుకుని అదే రాత్రి భోజనమనేవాళ్ళం, ఎండాకాలం ముంజలు తిని గ్లాసెడు మజ్జిగ తాగి మంచాలు వాకిట్లో వేసుకునేవాళ్ళం, వినాయకచవితికి పనసాకుల బుట్టల్లో పోసి ఉడికించిన పొట్టిక్కలు బెల్లంపాకంతో పొద్దునా అవే, మధ్యాహ్నమూ అవే. దీన్ని ఎవరూ నిరాడంబర జీవితమని పిలవలేదు. అమ్మకి టైము లేదు, మాకు ఆకలి ఉంది, ఆ రెంటికీ కుదిరిన ఏర్పాటది.

క్వార్టర్సు వెనక నుంచి నరసాపురం వైపు వెళ్ళే లైను. గూడ్సు బండి వెళ్ళినప్పుడల్లా గూట్లో గిన్నెలు గలగలమనేవి, మేం మాట్లాడుతున్న మాట మధ్యలో ఆపి, ఆఖరి పెట్టె దాటాక అక్కణ్ణుంచే మళ్ళీ అందుకునేవాళ్ళం. వానాకాలం అరుగు మీద చింతపిక్కలతో వామనగుంటలు, ఎండాకాలం సాయంత్రాలు ఏడుపెంకులాట. ఎప్పుడన్నా తణుకు పెద్దమ్మ వాళ్ళింటికి రైలెక్కితే, ఊరు ఇంకా రాకముందే కిటికీలోంచి చక్కెర ఫ్యాక్టరీ వాసన వచ్చేది, అన్నయ్య కళ్ళు మూసుకుని 'వచ్చేశాం' అనేవాడు. ఆ రోజుల్లో నాకు కావాలనిపించిన వస్తువులు చాలా ఉండేవనే అనుకుంటాను. అవేమిటో ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు.

ఏడాదికి ఒక రోజు, ఉగాదికి వారం పది రోజుల ముందు, పెట్టెలు ఎండబెట్టే రోజు వచ్చేది. అది మా ఇంటి పండగ. ఇంకెవరింట్లోనూ లేదు కాబట్టి దానికి పేరు కూడా లేదు. పొద్దున్నే కాఫీలు కాగానే నాన్నా అన్నయ్యా చెరో చెయ్యీ వేసి నాలుగు పెట్టెల్నీ అరుగు మీదికి దింపేవారు. ఎవరి సామాను వాళ్ళు చాప మీద బోర్లించాలి. అమ్మ కుంకుడుకాయ రసంలో గుడ్డ ముంచి పెట్టెల లోపలంతా తుడిచి, మూతలు బార్లా తెరిచి ఎండలో వరసగా పెట్టేది. రేకు వేడెక్కి టక్ టక్ మని చప్పుడు చేస్తుంటే పిల్లి ఒకటి వచ్చి అనుమానంగా చూసి వెళ్ళేది. మధ్యాహ్నం మామిడికాయ పులిహోర. పెద్ద బేసిన్లో కలిపి అమ్మ ముద్దలు చేసి వరసగా చేతుల్లో పెట్టేది, కంచాలు కడిగే పని లేకుండా. వేరుశెనగపప్పు ఎవరి ముద్దలో ఎక్కువ పడిందో చూసుకుని మేం తగువులాడుకునేవాళ్ళం.

తినడాలయ్యాక అసలు పని మొదలు. పెట్టె అడుగున కొత్త పేపరు, దాని మీద వేపాకు. ఇక సామాను ఒక్కొక్కటే తిరిగి లోపలికి వెళ్ళాలి. వెళ్ళేముందు ప్రతి వస్తువుకీ అమ్మ ఒకే మాట అడిగేది.

"ఇదెందుకు దాచుకున్నావో చెప్పు."

చెప్పాలి. చెప్పింది బాగుందా లేదా అని ఆవిడ తీర్పు ఇచ్చేది కాదు. విని, ఊఁ అని, తర్వాతది అందుకునేది. అన్నయ్య దగ్గర సైకిలు బేరింగు గుళ్ళుండేవి, అగ్గిపెట్టె బొమ్మలుండేవి, ఒక పాము కుబుసం కూడా ఉండేది. నాన్న పెట్టెలో వెలగని టార్చిలైట్లు మూడు. వాటి గురించి నాన్న చెప్పిన కథలే అందరికన్నా పొడుగు, ప్రతి ఏడాదీ అవే కథలు, ప్రతి ఏడాదీ అమ్మ ఊఁ కొట్టేది. చివర్న ఒక్కటే షరతు. మూత నొక్కకుండా పడాలి. మేం పెట్టె ఎక్కి కూర్చుని గొళ్ళెం పెట్టడానికి చూస్తే ఒప్పుకునేది కాదు. మూత దానంతట అది పడకపోతే ఏదో ఒకటి బయటికి రావాలి, ఏది రావాలో పెట్టెగలవాళ్ళే చెప్పాలి. మిగతా ఏడాదంతా ఆ పెట్టెని అమ్మ ముట్టుకునేది కాదు. నా గౌను కావలసినా, "నీ పెట్టె తీసి ఇయ్యవే" అనేది.

బయటికి వచ్చినవి చేపల వీరమ్మకి వెళ్ళేవి. వీరమ్మ నరసాపురం అవతల సముద్రపు ఒడ్డు పల్లెనుంచి పాసింజరు రైల్లో తట్టతో వచ్చేది. తట్ట దింపడానికి మా అమ్మ ఓ చెయ్యి వెయ్యాలి, దింపాక ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని ఓ నిమిషం ఆకాశంలోకి చూడాలి, అప్పుడు గాని బేరం మొదలయ్యేది కాదు. ఆవిడకి ముగ్గురు పిల్లలు, నా ఈడు ఆడపిల్ల ఒకతె. ఇచ్చే బట్ట ఏదైనా అమ్మ ఉతికి, గుండీలు కుట్టి, మడత పెట్టి ఉంచేది. వీరమ్మ కూడా తక్కువది కాదు.

"చిరుగులున్నయ్యి పట్టుకెళ్ళనండి, టీచరమ్మగారండీ. మా పిల్ల ఊరుకోదండి," అని విప్పి, ఎండకి పట్టి, చూసి మరీ తీసుకునేది. ఇచ్చేది మాత్రం ఎవరి వస్తువు వాళ్ళే చేత్తో ఇవ్వాలి. అది కూడా అమ్మ పెట్టిన కట్టడే.

నాకు పదేళ్ళ వయసప్పుడు నా పెట్టె మూత పడలేదు. కారణం ఒక గాజు సీసా. దాన్నిండా గాజు పెంకులు, అంటే పగిలిన గాజుల ముక్కలు. అప్పట్లో ఆడపిల్లలందరం పోగేసేవాళ్ళం, కానీ నాది కాస్త వెర్రి. పెళ్ళి పందిళ్ళలో ఏరాను, బోరింగు దగ్గర ఏరాను, తణుకు నుంచి వస్తూ రైలు బెంచీ కింద దూరి ఏరాను. ఆ ఏడాదే పెద్దమ్మ నాకు పట్టుపరికిణీ కుట్టించి పంపింది. వంగపండు రంగు, చేతి వెడల్పు జరీ అంచు. బిరుసుగా ఉండే పట్టు కావడంతో అది మడతకి లొంగేది కాదు. రెండూ ఒక పెట్టెలో పట్టవు. నేను నాలుగు రకాలుగా సర్ది చూశాను, సీసాని పరికిణీలో చుట్టి చూశాను, మూత బెత్తెడు ఎత్తునే ఆగిపోయింది.

అమ్మ సీసా తీసి చాప మీద కుమ్మరించి, "చెప్పు," అంది. ఎరుపు పెంకు పెద్దమ్మ కూతురు పెళ్ళిలోది, పసుపు చుక్కలది అమ్మదే, నా చెయ్యి తగిలి పగిలింది, ఆకుపచ్చది వీరమ్మ తట్ట ఎత్తుకుంటుంటే చిట్లిపోయింది, నల్లది రైల్లో దొరికింది, అది ఎవరిదో తెలియదు కాబట్టి దానికి నేనే ఒక మనిషిని కల్పించి పేరు కూడా పెట్టాను. చెబుతూ ఉంటే పొద్దు వాలిపోయింది. సాయంత్రం పాసింజరు వెళ్ళిపోయింది. నాన్న తన పెట్టె సర్దేసుకుని, అన్నయ్య ఆటకి పోయి, అరుగు మీద మేమిద్దరమే మిగిలాం. అమ్మ గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, ఒక్కో పెంకూ వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూస్తూ వింది. చివర్న నేను సీసా లోపల పెట్టి పరికిణీ బయట పెట్టాను.

అమ్మ ముఖంలో ఏదో మారింది. పరికిణీ అంచు మీద అరచెయ్యి వేసి ఒకసారి రాసింది. "నీ ఇష్టమేనా?" అంది. నేను తల ఊపాను. మర్నాడు వీరమ్మకి ఆ పరికిణీ నా చేత్తోనే ఇప్పించింది. వీరమ్మ తీసుకోవడానికి భయపడింది, పిల్లకి తెలియదు, మీరైనా చెప్పొద్దా అన్నట్టు అమ్మ వైపు చూసింది. "దానిది, అది ఇస్తంది, తీసుకో," అంది అమ్మ. పెద్దమ్మకి ఏం సమాధానం చెప్పుకుందో నాకు ఈనాటికీ తెలియదు. పట్టుపరికిణీ పోయిందని నాకు బెంగపడిన గుర్తు లేదు. ఆ ఏడాదంతా నా పెట్టె వైపు చూసినప్పుడల్లా నేను చాలా పెద్దదాన్నైపోయినట్టు ఉండేది.

ఇంత తెలిసినదాన్ని, కన్నకూతురి దగ్గర ఏం చేశానో చెప్పాలి.

మా అమ్మాయి లాస్యకి ఎనిమిదేళ్ళు. మా ఆయన ప్రసాద్ గ్యాసు కంపెనీలో షిఫ్టుల ఉద్యోగం చేస్తాడు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి, మేం ముగ్గురం ఒకే సమయానికి మెలకువగా ఉండటమే అపురూపం. ఇంట్లో మాత్రం మనుషులకి తప్ప అన్నిటికీ చోటు ఉంది. సోఫా మీద ఉతికిన బట్టల కొండ, దాన్ని మడత పెట్టేలోగా ఉతకాల్సిన కొండ. డైనింగు టేబుల్ మీద తినడానికి మూడు కంచాల జాగా కోసం ముందు చార్జర్లు, బిల్లులు, లాస్య రంగు పెన్సిళ్ళు జరపాలి. కిందటి డిసెంబరులో ఒక ఆదివారం, తాళంచెవి కోసం నలభై నిమిషాలు వెతికి, అది ఫ్రిజ్జు మీద పెరుగు గిన్నె పక్కన దొరికాక, నాకు ఏడుపొచ్చింది. ఇక లాభం లేదు, అమ్మలాగా బతకాలి, అని తీర్మానించుకున్నాను.

తీర్మానించుకున్నాను గాని, అమ్మలాగా మొదలుపెట్టలేదు. ఫోనులో వీడియోలు చూడటంతో మొదలుపెట్టాను. తెల్ల గోడల ఇళ్ళలో, మరకలేని చొక్కాలు తొడుక్కున్నవాళ్ళు, వస్తువులు తగ్గించుకోవడం ఎలాగో చెబుతుంటే ఆఫీసులో అన్నం తింటూ చూసేదాన్ని. అయిదు లక్ష్యాలు రాసి ఫ్రిజ్జుకి అంటించాను. తగ్గించిన వస్తువులు సర్దుకోవడానికి వెదురుబుట్టలు తెప్పించాను, పప్పులకి గాజు జాడీలు తెప్పించాను, జాడీలకి అంటించడానికి చీటీలు తెప్పించాను. ప్రసాద్ నైటు షిఫ్టు దిగి వచ్చి, గుమ్మంలో అట్టపెట్టెలు దాటుకుంటూ, "సింపుల్‌గా బతకడానికి ఇన్ని పార్సిళ్ళేంటండీ మేడంగారూ?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మండినా, ఆ మాటలో నిజముందని అప్పుడే తెలుసు.

కొత్త సంవత్సరం మొదటి వారంలో ఒక రోజు ఆఫీసు త్వరగా వదిలారు. లాస్య బడినుంచి రావడానికి రెండు గంటలు ఉంది. ఆ పిల్ల అలమారా తెరిచాను. మా పెట్టెల రోజు గుర్తుంది నాకు, మూత నొక్కకుండా పడాలన్న మాటా గుర్తుంది. ఉత్సాహం ముంచుకొచ్చింది. విరిగిన బొమ్మలు, మూతలేని స్కెచ్చులు, ఐస్‌క్రీము పుల్లల కట్టలు, రాళ్ళు, దూది, బిస్కెట్ల కాగితాలు, పార్సిలు అట్టపెట్టెలో పెట్టుకున్న నానా చెత్తా రెండు పెద్ద కవర్లలోకి ఎత్తాను. నాలుగున్నరకి చెత్తబండి వచ్చింది, ఇచ్చేశాను. మిగిలినవి వెదురుబుట్టల్లో పెట్టి, ఫొటో తీసి, స్టేటస్ పెట్టుకున్నాను. పదహారు మంది మెచ్చుకున్నారు.

లాస్య వచ్చి అలమారా ముందు నిలబడింది. "నా అట్టపెట్టె ఏదమ్మా?" అంది. చెత్త పడేశానని, ఇంకో మంచి పెట్టె తెచ్చిపెడతానని చెప్పాను. ఏడుస్తుందేమో, ఏడిస్తే ఏం చెప్పాలో అని లోపల సిద్ధపడ్డాను కూడా. అది ఏడవలేదు. "సరే," అని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది. ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాను.

ఆ తర్వాత ఇల్లు నిజంగానే బాగుంది. లాస్య అలమారా అచ్చం వీడియోలోలాగే ఉండేది, ఉంచినవి ఉంచినట్టే. ఆటస్థలం నుంచి ఏదో పట్టుకొచ్చి "అమ్మా, చూడు" అని నా మొహం మీద పెట్టే పిల్ల, ఆ మాట అనడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు. ఏం చేస్తున్నావే అంటే "ఏం లేదమ్మా" అనేది. ఆ మాట నాకు హాయిగానే ఉండేది. నా పని నేను చేసుకునేదాన్ని.

మార్చిలో ఒక ఆదివారం దానికి నలుగుపెట్టి తలంటుతుంటే, రెండు భుజాల మీదా వేలెడు వెడల్పున ఎర్రటి చారలు కనిపించాయి. బ్యాగు పట్టీలు ఒత్తుకున్న చారలు. ఇన్నిన్ని పుస్తకాలు మోయిస్తారా అని బడివాళ్ళని తిట్టుకుంటూ వెళ్ళి, బ్యాగు ఎత్తి చూద్దును కదా, నా చేతికే బరువుగా ఉంది. జిప్పు తీసి మంచం మీద బోర్లించాను. పుస్తకాల కింద ఒక తువ్వాలు, తువ్వాల్లో మూట. మూటలో బీచిలో ఏరిన గవ్వలు, గుండ్రటి రాళ్ళు అయిదారు, వాళ్ళ నాన్న యూనిఫాం గుండీ, ఒక చెవి తెగిన కుందేలు, నా పాత ఐడీ కార్డు, మైనపు ముద్ద, ఎవరిదో గాలిపటం తోక. అట్టపెట్టె పోయాక పోగేసుకున్నవన్నీ. ఆ పిల్ల రెండు నెలలుగా రోజూ వాటిని బడికి మోసుకెళ్ళి, మళ్ళీ ఇంటికి మోసుకొస్తోంది.

"ఇవన్నీ స్కూలుకెందుకే?" అన్నాను.

అది తల తుడుచుకుంటూ, "ఇంట్లో ఉంటే పోతాయి కదమ్మా," అంది.

కోపంగా అనలేదు. బయట వాన పడుతోందని చెప్పినట్టు చెప్పింది. దొంగలు పడతారని తాళం వేసుకునే ఇంట్లో, నా కూతురు నాకు భయపడి తన ఆస్తి భుజాన మోస్తోంది. మూట ఎలా ఉన్నదో అలాగే కట్టి బ్యాగులో పెట్టేశాను. అది నా చేతుల వంకే చూస్తూ నిలబడింది.

ఆ మధ్యాహ్నం అమ్మకి ఫోను చేశాను. నాన్న పోయాక అమ్మ రాజమండ్రిలో అన్నయ్య దగ్గరే ఉంటోంది. జరిగింది చెప్పి, నువ్వు అన్ని పనుల్లో ఆ పెట్టెల రోజు ఎలా జరిపించేదానివే అని అడిగాను. అమ్మ నవ్వింది.

"ఎలా జరిపించడమేంటే? ఆ రోజు సెలవు పెట్టేదాన్ని."

అది సెలవురోజనే నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను. అమ్మ ఇంట్లో ఉంది కాబట్టి అది సెలవు. ఆ రోజు కోసం అమ్మ ఏడాది పొడుగునా ఒక సెలవు దాచుకునేదనీ, జ్వరం వచ్చినా దాన్ని వాడేది కాదనీ, ఒక ఏడాది పరీక్షల ముందు సెలవేంటని హెడ్మాస్టరు చేత అందరిముందూ మాట పడిందనీ అప్పుడు చెప్పింది.

"పెట్టెదేముందే, గంటలో ఎండిపోద్ది. మీ కబుర్లే తెమిలేవి కావు," అంది అమ్మ. ఆ వెంటనే, "ఆ పరికిణీ ఇచ్చేసిన రోజు మాత్రం నాకు రాత్రి నిద్ర పట్టలేదు," అని కూడా అంది. ఎందుకు ఆపలేదే అంటే, "చెప్పమని కూర్చోబెట్టి, చెప్పాక కాదంటే మరి ఎందుకడిగినట్టు?" అంది.

ఫోను పెట్టేసి బాల్కనీలోకి వెళ్ళి నా చిన్నప్పటి పెట్టె మీద సామాను దింపి మూత ఎత్తాను. మొదట్లో చెప్పిన వాసన అప్పటిదే. పెట్టె గుర్తుపెట్టుకున్నాను. కట్టడి గుర్తుపెట్టుకున్నాను. ఆ చాపకి రెండో చివర పొద్దు వాలేదాకా ఒక మనిషి కూర్చుని ఉండేదన్న సంగతి మాత్రం నా అయిదు లక్ష్యాల జాబితాలో ఎక్కడా లేదు. వస్తువులు తక్కువగా ఉండటమే అమ్మ గొప్పతనమని నేను అనుకున్నాను. మా కబుర్లు వినడానికి ఆవిడ ఒక రోజంతా ఖాళీ చేసుకునేది, నేను ఖాళీ చేసింది అలమారా. అదీ పిల్ల ఇంట్లో లేనప్పుడు.

రెండో శనివారం బడికి సెలవు, మా ఆఫీసుకి లేదు. నెలాఖరు ఓడ దగ్గరపడుతున్నా సెలవు అడిగాను. ఇంట్లో పనుందండి అంటే, అంత ముఖ్యమైన పనాండీ అన్నారు మా మేనేజరుగారు. ఆయ్, ముఖ్యమైనదేనండి అన్నాను. పెట్టె ఎండబెట్టాలని మాత్రం చెప్పలేకపోయాను. ప్రసాద్, నేనూ కలిసి పెట్టెని అపార్ట్‌మెంటు డాబా మీదికి మోశాం. నైటు షిఫ్టు దిగిన కళ్ళతోనే అతను వేపకొమ్మ తెచ్చిపెట్టి పడుకోడానికి వెళ్ళాడు. చాప పరిచాను. ఎదురుగా లాస్య వచ్చి కూర్చుంది, బ్యాగు తేలేదు. తెమ్మని నేను అడగలేదు.

ముందు నా సామాను బోర్లించాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ సీసా అందులోనే ఉంది, మూత తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కొంగుతో పట్టి తిప్పితే వచ్చింది. పెంకులు చాప మీద పోస్తే పిల్ల దగ్గరికి జరిగింది. ఒకటి తీసి, "ఇదెందుకు దాచుకున్నావు?" అంది. ఆ మాట దానికి నేను నేర్పలేదు.

ఎర్రది చెప్పాను. పసుపు చుక్కలది, ఆకుపచ్చది చెప్పాను. వీరమ్మ గురించీ ఆవిడ తట్ట గురించీ చెప్పాను. నల్లది ఎవరిదని అడిగింది. దానికి నేను ఒక మనిషిని కల్పించాననీ, పేరు కూడా పెట్టాననీ తెలుసు, ఆ పేరు మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. మిగతా వందకీ పైగా పెంకుల్లో ఒక్కదాని కథా నా దగ్గర మిగల్లేదు. "మరిచిపోయావా?" అంది లాస్య జాలిగా. అవునన్నాను. పులిహోర బేసిన్ తెచ్చి, ముద్ద చేతిలో పెడితే అది వేరుశెనగపప్పులు ఏరుకు తిని, తింటూ లేచి, ఏమీ చెప్పకుండా కిందికి వెళ్ళింది. ఇక రాదేమో అనుకున్నాను. మెట్ల మీద దాని అడుగులు బరువుగా వినబడ్డాయి. రెండు చేతులతో బ్యాగు మోసుకొచ్చి, చాప మీద మూట విప్పింది.

సాయంత్రం దాకా వింటూనే ఉన్నాను. మధ్యలో ఆఫీసు నుంచి ఫోను మూడుసార్లు వచ్చింది, మోగి మోగి ఊరుకుంది. గవ్వల కథ, రాళ్ళ కథ, వాళ్ళ నాన్న గుండీ ఊడిన రోజు కథ. నా ఐడీ కార్డు ఎందుకే అంటే, "నువ్వు లేటుగా వచ్చిన రోజు చూసుకోడానికి," అంది. నేను ఊఁ అన్నాను. అమ్మ ఎలా అనగలిగేదో ఆ ఊఁ. పారేసిన అట్టపెట్టెలో ఏముండేదో కూడా ఆ రోజే చెప్పింది. అది మా ఇల్లట. మూడు మంచాలు, మూడు కుర్చీలు, ముగ్గురికీ ఒకే టేబులు. తప్పు చేశానని దానితో చెప్పాను. అది చేతిలో గవ్వని తిప్పి చూసుకుంటూ, "నువ్వు అడగలేదు కదమ్మా," అంది.

నిడదవోలులో మా క్వార్టర్సు పడగొట్టి చాలాకాలమైంది. ఆ అరుగు ఉన్నచోట బళ్ళు పెట్టుకుంటున్నారని విన్నాను. నాన్న లేడు, టార్చిలైట్ల కథలు లేవు. తట్ట దింపుకుని ఆకాశం వైపు చూసే వీరమ్మ లేదు, మా వీధికి చేపలు ఇప్పుడు వ్యానులో ఐసు మధ్య వస్తాయి. నాకు తెలిసిన ఏ ఆడపిల్లా గాజు పెంకులు ఏరడం లేదు, ఏరుదామన్నా రాలి పడేటన్ని మట్టిగాజులు వేసుకునేవాళ్ళూ లేరు. ఫ్రిజ్జు మీద అయిదు లక్ష్యాల కాగితం తీసేశాను. సోఫా మీద బట్టల కొండ మళ్ళీ వచ్చింది. వచ్చే ఏటికి ఒక సెలవు మాత్రం ఇప్పుడే పక్కన పెట్టాను, జ్వరమొచ్చినా దాన్ని ముట్టుకోను.

ఆ సాయంత్రం దాని సామానంతా పెట్టెలోకి వెళ్ళింది. మూత నొక్కకుండానే పడింది. పెట్టె ఇప్పుడు లాస్యది, దాని మంచం కింద ఉంది. సోమవారం పొద్దున్న బస్సు దగ్గర బ్యాగు అందిస్తుంటే తేలిగ్గా వచ్చింది, పుస్తకాల బరువే. పక్క జేబులో మాత్రం ఏదో చిన్నది గలగలమంది. లాస్య నా ముఖంలోకి చూసింది. నేను జిప్పు తియ్యలేదు. పట్టీలు భుజాల మీద సరిచేసి బస్సెక్కించాను.